వేలెడు నది

నేషనల్ పార్క్ బోర్డు మీద రాసుంది: సులువైన దారి.
రానుపోను రెండు కిలోమీటర్లు, గంట సేపు.
"రాసినవాడికి రెండు మోకాళ్ళూ బాగున్నట్టున్నాయి"
అంది ఎల్స్‌పెత్, నా కర్ర వంక చూస్తూ.
ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి,
ఇప్పటికీ మలుపు ముందు ఒక్క క్షణం ఆగుతుంది,
వెనకెవరో ఇంకా ఎక్కాల్సి ఉన్నట్టు.

నాకు డాక్టరు చెప్పిన నడక ఇది.
ఎత్తులొద్దు, మెట్లు తక్కువ, తోడు తప్పనిసరి.
కొత్త మోకాలు ఇంకా నన్ను నమ్మలేదు.
నేనూ దాన్ని.

ఇసుకరాతి బాట. రాత్రి కురిసిన వానకి
యూకలిప్టస్ బెరళ్ళు రిబ్బన్లుగా ఊడి
కాళ్ళకి అడ్డం పడుతున్నాయి.
తెల్లటి మానుల మీద ఏదో పురుగు తొలిచిన గీతలు,
కొమ్ములూ సుడులూ వచ్చి
తలకట్టు ఇంకా రాని పిల్లాడి రాత.
చదవబోయాను.
"నడు," అంది ఎల్స్‌పెత్,
"అది మనకి రాసింది కాదు."

పొదలో కొరడా ఝళిపించినట్టు ఒక పిట్ట.
ఆ వెంటనే, ఊఁ కొట్టినట్టు, దాని జంట.
కథ మాత్రం ఏది చెబుతోందో తెలియలేదు.

మొదటి వ్యూపాయింట్ దగ్గర ఇనప కమ్మీలు,
కమ్మీల నిండా జనం.
లోయ మొత్తం ఒకేసారి మీద పడింది,
నీలం వెనక నీలం, దాని వెనక
ఉతికి ఉతికి వెలిసిపోయిన ఇంకో నీలం.
తండ్రి భుజాల మీద ఒక బుడత
చిప్స్ నములుతూ అడిగాడు:
"ఇది ఎక్కడ అయిపోతుంది?"
తండ్రి ఫోన్లో వెతుకుతున్నాడు.

రెండోదీ అలాంటిదే. ఇంకాస్త గాలి.
ఎగరబోయిన నా టోపీని ఎల్స్‌పెత్ పట్టుకుంది.

ఆ తర్వాత, మ్యాపులో చుక్క కూడా లేని చోట,
బాట పక్కనే ఒక బెంచీ.
ఎందుకు వేశారో, దాని ఎదుట
ఏళ్ళ తరబడి పొద తప్ప ఏమీ లేదట.
ఆయాసం తీర్చుకోవడానికే కూర్చునేవాళ్ళు.
అగ్గి వచ్చిన ఏడాది పొదా పోయింది, బెంచీ పోయింది.
అలవాటు కొద్దీ అక్కడే కొత్తది వేశారు.
బూడిద చల్లారాక తను వచ్చి చూస్తే
నల్లటి మోళ్ళ మధ్య, ఎన్నడూ లేనిది,
దూరంగా, కింద,
నది.

"అప్పుడు బారెడు కనిపించింది" అంది
రెండు చేతులూ చాచి.
మరుసటి ఏడు మూరెడు.
ఆ పై ఏడు జానెడు. కిందటిసారి బెత్తెడు.
ఏటా అదే నెలలో, అదే బెంచీ మీద,
ఒక కన్ను మూసి, చెయ్యి ముందుకు చాపి,
కర్టెను గుడ్డ కొలిచినట్టు కొలుస్తుంది.

వాటిల్ మొక్కలు మా తలల్ని దాటాయి.
బాంక్సియా కాయలు మంటకి తెరిచిన నోళ్ళు
ఇంకా మూయలేదు.
చెప్పాల్సిందంతా వాటి కిందే
మొలిచి నిలబడింది.

రేంజర్ కుర్రాడు లాక్లన్ ఒకసారి అడిగాడట,
నాలుగు కొమ్మలు కొట్టించనా,
నది బాగా కనబడుతుంది అని.
"ఏమన్నావ్?"
అల్లం బిస్కెట్ విరిచి సగం నాకిచ్చింది.
"అది మంట చూపించిన నది, నాయనా,
దాని చేతి సాయం ఇంకెన్నాళ్ళు వాడుకుంటాం, అన్నాను."
కాసేపాగి,
"నాకూ కష్టంగానే ఉంది అనుకో."

నేనూ ఒక కన్ను మూశాను. చెయ్యి చాపాను.
ఆకుల సందున, ఎండ తగిలిన నీరు.
చూపుడు వేలు అడ్డం పెడితే లేదు.
తీస్తే ఉంది.
మళ్ళీ పెట్టాను. మళ్ళీ తీశాను.
"తేల్చు," అంది.
"వేలెడు," అన్నాను.
జేబులోంచి చిన్న పుస్తకం తీసి, తేదీ వేసి రాసుకుంది.
సాక్షిగా నన్ను సంతకం పెట్టమంది.

తిరుగుదారిలో ఒక పడుచు జంట ఎదురైంది,
మెడల్లో కెమెరాలు, ముఖాల మీద చెమట.
"బాగా కనిపించే చోటు ఏది?"
ఎల్స్‌పెత్ మలుపు దగ్గర ఆగినట్టే ఒక్క క్షణం ఆగి
"రెండోది. కమ్మీలుంటాయి.
అక్కణ్ణుంచి అన్నీ కనిపిస్తాయి" అంది.

కారు దగ్గరికి చేరేసరికి మూడు గంటలు పట్టింది.
బోర్డు మీద, సులువు అన్న అక్షరాల మీదుగా,
ఒక చీమ ఏదో మోసుకుపోతోంది,
తనకంటే పెద్దది.